అమావాస్యనాడు ఇంటిపాఠం

ఈమధ్య సాయంకాలాలు మా అరుగు మీదికి ఇద్దరు ముగ్గురు కుర్ర ఉపాధ్యాయులు వచ్చి కూర్చుంటున్నారు. అందరూ నార్మల్ స్కూల్లో పంతులు పనికి తరిఫీదైనవారే. తలపాగా చుట్టుకోవడం నాకంటె బాగా తెలిసినవారు. వారి మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక్కచోటికే వస్తుంది. "పిల్లలు ఇంటిదగ్గర పుస్తకం ముట్టరండి. తలిదండ్రులకు శ్రద్ధ లేదండి."

ఈ మాట చెవిని పడేసరికి నాకు ఒళ్ళు మండుతుంది. శ్రద్ధ లేదట. వీరిలో ఒక్కరైనా ఏ పిల్లవాడి ఇంటికైనా వెళ్ళి, ఏ వేళకు ఆ ఇంట్లో ఎవరి చేతులు ఖాళీగా ఉంటాయో చూసివచ్చారా అంటే, లేదు. ఇంటికి పాఠం పంపుతారు గాని ఇల్లు ఎలా ఉంటుందో చూడరు. నన్ను చూసి నవ్వుకుంటారని తెలుసు. నేను ఏ బడిలోను కూర్చున్నవాణ్ణి కాను. మా నాయన పడవవాడు. కాలువ గట్టున తాడు లాగుతూ, పడవల మీద రంగుతో రాసిన పేర్లు, లాకుల దగ్గర గోడల మీద రాసిన సర్కారు ఉత్తర్వులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. తరవాత ఎవరెవరినో బతిమాలి పరీక్షకు కట్టి, సహాయ ఉపాధ్యాయుడినయ్యాను. నా ఇంటిపాఠం ఎవరు విన్నారో నాకు తెలియదు. బహుశా కాలువలో చేపలు విని ఉంటాయి.

ఈ కుర్రవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పబోయినా మధ్యలో అడ్డు వస్తున్నారు. కాబట్టి రాసి పెడుతున్నాను. కాగితానికి అడ్డు రాలేరు.

రామచంద్రపురానికి కాలువ మీద ఒక పూట ప్రయాణం దూరంలో ఒక ఊరు. అందులో ఒక నేతవీధి. వీధి మొదట్లో, మేమంతా పెద్దయ్యగారనే కులపెద్ద ఇల్లు, ఆ ఇంటి అరుగు మీద మా బడి. అరుగుకు వెనకగోడ ఆనుకుని లోపల పెద్దయ్యగారి మగ్గం. తెల్లవారింది మొదలు పొద్దుగూకేవరకు గోడకవతల దడ్, దడ్ మని మోత. వచ్చిన కొత్తలో నాకు తలనొప్పిగా ఉండేది. కొన్నాళ్ళకు అలవాటైపోయింది. మన ఊపిరి మనకు వినిపించదు చూడండి, అలాగ.

బడికి పెద్ద పంతులుగారు ఒకరు. రాజమహేంద్రవరంలో చదివివచ్చిన మనిషి, నశ్యం డబ్బీ లేకుండా ఏ ఆలోచనా చేయనివారు. ఆయన కింద నేను. ఆ రోజుల్లో పిల్లలు పరీక్షలో తేలితేనే సర్కారువారి గ్రాంటు. ఏడాదికొక్కసారి ఇన్స్పెక్టరుగారు పడవలో వచ్చి, ఒక్కొక్క పిల్లవాణ్ణి నిలబెట్టి చదివించి, రాయించి, లెక్క అడిగి వెళ్ళేవారు. ఆ ఏడు మా పిల్లలు చదవడంలో ఇంచుమించు అందరూ తప్పారు.

ఇన్స్పెక్టరుగారు పడవ ఎక్కబోతూ కాలు ఆపి అన్నారు: "వీళ్ళు ఇంటిదగ్గర చదవడం లేదు. రోజూ ఇంట్లో పైకి చదవాలి, పెద్దవాళ్ళు కూర్చుని వినాలి. వచ్చే ఏడు కూడా ఇలాగే ఉంటే ఈ బడి అనవసరం. కాలువకు అవతల పెద్దబడి ఉండనే ఉంది."

అవతలి బడికి ఈ వీధి పిల్లలు పోరు. అది మాకందరికీ తెలుసు. మధ్యాహ్నం బడి వదలగానే పరుగెత్తి ఇంటికి వెళ్ళి, రాట్నం దగ్గర కూర్చుని తండ్రి మగ్గానికి నూలు కండెలు చుట్టి పెట్టాలి. కాలువ దాటి తిరిగివచ్చేసరికి ఇంట్లో మగ్గం ఆగిపోతుంది. బడి పోతే ఆ వీధికి చదువు పోయినట్టే. పెద్ద పంతులుగారికి మరొకచోట పని దొరుకుతుంది, ఆయన దగ్గర పట్టా ఉంది. నాకు మళ్ళీ పడవ తాడే గతి. అప్పటికే నా అరచేతులు మెత్తబడిపోయి ఉన్నాయి.

మరునాటినుంచి ఇల్లిల్లూ తిరిగాను. మొదటి ఇంట్లోనే నాకు తగిన శాస్తి జరిగింది. ఆ ఇల్లాలు నూలు చిక్కు తీస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"చదవొద్దని ఎవరన్నారండి? చదవమనండి. కండెలెవరు చుడతారు, మీరొచ్చి చుడతారా?"

"చుడుతూనే చదవమనండమ్మా."

"రెండు చేతులూ రాట్నం మీదే ఉంటాయి గదండీ. పుస్తకం కాళ్ళతో పట్టుకోమంటారా?"

"పోనీ పొద్దుగూకాక దీపం పెట్టి..."

"ఆముదం మీరు పంపిస్తారా పంతులుగారూ? అయితే మాకూ ఒక దీపం ఇప్పించండి, చీకట్లో అన్నం తింటున్నాం."

మగ్గం గుంటలో కూర్చున్న ఆమె భర్త నేత ఆపకుండానే నవ్వాడు. ఊరికే నిలబడలేక ఇంటిలోపలంతా కలయజూశాను. రాట్నం ముందు కుర్రవాడు. వాడికి ఎదురుగా, కంటికి సరిగ్గా ఆనేచోట, అలికిన మట్టిగోడ.

ఆ సాయంకాలమే సున్నపునీళ్ళు ముంత, వేపపుల్ల పట్టుకుని వెళ్ళి ఆ గోడ మీద మరునాటి పాఠం పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. చేతులు రాట్నం మీద, కళ్ళు గోడ మీద, నోరు పాఠం మీద. అరవమన్నాను, అరిచాడు. మగ్గం మోతలో వినపడాలంటే అరవక తప్పదు. పక్కింటివాళ్ళు వచ్చి చూసి, మా ఇంట్లో కూడా రాయండన్నారు. ఒక వారం తిరిగేసరికి నేతవీధిలో ఏ గోడ చూసినా ఏదో ఒక పాఠం. తెలుపు పెట్టని గోడ కనబడితే ఆ ఇంటివాళ్ళకు నామోషీగా ఉండేది.

చిక్కులు లేకపోలేదు. ఒక ఇల్లాలు అక్షరాలకు చుట్టూ ముగ్గు పెట్టి, ఏది అక్షరమో ఏది ముగ్గో తెలియకుండా చేసింది. ఇంకొకరోజు ఒక కుర్రవాణ్ణి, "పాఠం ఎందుకు రాలేదురా?" అని పెద్ద పంతులుగారు గద్దించారు.

"మా అమ్మ అలికేసిందండి."

"ఏమిటి అలికేసింది?"

"పాఠమండి. పండగని గోడంతా అలికేసిందండి."

పెద్ద పంతులుగారు నశ్యం పట్టు పట్టి నావైపు తిరిగారు. "ఏమోయ్, నా సర్వీసులో వానకు పుస్తకం తడిసిందన్నవాణ్ణి చూశాను, మేక నమిలిందన్నవాణ్ణి చూశాను. పేడతో పాఠం అలికేసుకోవడం ఇదే వినడం."

కాని కొద్ది నెలల్లో ఆయన మాట మారింది. పిల్లలు బడిలో పుస్తకం తీస్తే ఆగకుండా చదువుతున్నారు. తడుముకోవడం లేదు. ఆయన అరుగు మీద పచార్లు చేస్తూ, దారిన పోయే వారికి వినపడేలా, "ఇంటిపాఠం మహిమ. నేను మొదటినుంచి చెబుతూనే ఉన్నాను" అనేవారు. మొదటినుంచి ఆయన చెప్పినదేమిటో నాకు తెలుసు.

పరీక్షరోజు తెలిసింది. అమావాస్యనాడు.

ఇది చదివేవారిలో నేతవీధి ఎరగనివారు ఉండవచ్చు కాబట్టి చెబుతున్నాను. అమావాస్యనాడు అక్కడ ఎవ్వరూ మగ్గం ముట్టరు. పడుగులో పోగును అటూ ఇటూ నడిపే నాడెను పైకెత్తి పెట్టేస్తారు. మా వీధిబడులకు కూడా పాతకాలంనుంచి అమావాస్యకు సెలవే. కనుక ఆ వీధిలో మగ్గాలు ఆగిన రోజున బడి లేదు, బడి ఉన్న రోజున మగ్గాలు ఆగలేదు. ఈ సంగతి ఎంత ముఖ్యమో మాకెవరికీ తట్టలేదు. పెద్ద పంతులుగారు మాత్రం శాస్త్రం కోసం కబురు పంపారు, ఆ రోజు అనధ్యయనమండి, చదవకూడదండి అని. పడవవాడు జవాబు తెచ్చాడు: "సర్కారుకు అమావాస్య లేదన్నారండి."

ఇన్స్పెక్టరుగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పిల్లలు తలలకు నూనె రాసుకుని వరసగా కూర్చున్నారు. వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. అంతా బాగుంది. ఏదో లేదని మాత్రం నాకు అనిపిస్తోంది, ఏమిటో తెలియడంలేదు.

మొదటివాడు పెద్దయ్యగారి మనవడు. అందరికంటె బాగా చదివేవాడు. లేచాడు, పుస్తకం విప్పాడు, నోరు తెరిచాడు. నోరు తెరిచే ఉంది. శబ్దం లేదు.

"చదవవయ్యా" అన్నారు ఇన్స్పెక్టరుగారు.

"ఎ... ద్దు" అన్నాడు వాడు. తరవాత చాలాసేపటికి, "సా..." అన్నాడు. ఏడుపు మొహం పెట్టాడు. రెండోవాణ్ణి లేపారు. వాడు అదీ అనలేదు. మూడోది ఒక ఆడపిల్ల, ఎదురింటి వాకిట్లో నిలబడ్డ తన తల్లివైపు చూసి కూర్చుండిపోయింది.

"ఇదేనా మీ ఇంటిచదువు?" అన్నారు ఇన్స్పెక్టరుగారు.

పెద్ద పంతులుగారు డబ్బీ తెరిచి, నశ్యం తీయడం మరిచి, మళ్ళీ మూసి, నన్ను చూపించారు. "ఆ గోడల మీద రాతలు ఇతగాడివండి. నేను మొదటినుంచి వద్దంటూనే ఉన్నాను."

నేను మాత్రం పెద్దయ్యగారి మనవడి కాలివైపు చూస్తున్నాను. వాడు కూర్చుని తనలో తాను చదువుకుంటున్నాడు. కుడికాలి బొటనవేలు నేలమీద కొట్టుకుంటోంది. టప్, టప్. ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క మాట పెదవులు కదుపుతున్నాడు. అప్పుడు నాకు ఆ వీధిలోని నిశ్శబ్దం వినిపించింది. ఏడాది పొడుగునా ఇంట్లో, బడిలో, ఈ పిల్లలు మగ్గం దెబ్బకు ఒక మాట చొప్పున చదివారు. దెబ్బ పడకపోతే మాట పడడం లేదు.

మెల్లిగా అరుగు దిగి పెరట్లోకి పరుగెత్తాను. పెద్దయ్యగారు చుట్ట కాల్చుకుంటున్నారు. ఆయన భార్య, వీధివీధంతా మామ్మ అని పిలిచే ఆవిడ, ఎండలో కూర్చుని ఉంది.

"పెద్దయ్యగారూ, కాస్సేపు మగ్గం ఆడించాలండి."

"ఇవాళా? అమావాస్యండి పంతులుగారూ. మా తాతలనాటినుంచీ ఇవాళ నాడె ముట్టుకున్నవాడు లేడు."

"మగ్గం మోత లేకపోతే పిల్లలకి నోరు పెగలట్లేదండి."

"అదేంటండీ. మా నేత మాది, వాళ్ళ చదువు వాళ్ళది. రెంటికీ ఏంటి సంబంధం?"

"మీ మనవడే మొదట తప్పాడండి. ఇలా అయితే ఇవాళతో బడి ఎత్తేస్తారు."

ఆయన చుట్ట తీసి చేత్తో పట్టుకుని ఆలోచిస్తున్నాడు. మనవడి మీద ప్రేమ ఒకపక్క, తాతలు ఒకపక్క. తాతలే నెగ్గేలా ఉన్నారు. ఇంతలో మామ్మ లేచింది.

"నెయ్యకూడదన్నారు గాని దంచకూడదని ఎవరన్నారు?"

"దంచడానికి ఇప్పుడేవుందే?" అన్నాడు పెద్దయ్య.

"ఊక దంచుతాను. మీకెందుకు? ఏవమ్మాయ్, రెండో రోకలి తీసుకురా."

ఊక దంచడమంటే నేను అంతవరకు ఇన్స్పెక్టర్ల ఉపన్యాసాల విషయంలోనే విన్నాను. అత్తా కోడలూ చెరొక రోకలి పట్టుకుని రోట్లో ఊక పోసి మొదలుపెట్టారు. మామ్మ పుట్టినప్పటినుంచీ మగ్గం పక్కనే ఉన్న మనిషి. ఆ దెబ్బ, ఆ విరామం, అచ్చం మగ్గమే. నేను అరుగెక్కేసరికి మనవడు మళ్ళీ లేచి నిలబడి ఉన్నాడు.

"ఎద్దు, సాధు, జంతువు. అది, మనకు, మేలు, చేయును."

ఇన్స్పెక్టరుగారు కుర్చీలో ముందుకు వంగారు. రెండోవాడు చదివాడు. ఆడపిల్ల చదివింది. పెద్ద పంతులుగారు నశ్యం పీల్చి, నావైపు వేలు చూపడం మానేసి, తనవైపు తిప్పుకున్నారు.

అంతా బాగానే పోయేది. మామ్మకు వయసైపోయింది. ఆవిడ అలిసేసరికి దంపుడు నీరసపడింది, దాంతో చదివేవాడు భజన గొంతుకు దిగాడు. కోడలు అది గమనించి, అత్తగారి వాటా కూడా తనే అందుకుని జోరుగా దంచింది. ఆ పిల్లవాడు ఊపిరి తీసుకోకుండా పుటలు దాటుతున్నాడు.

"మెల్లగా, మెల్లగా. పడవ తప్పిపోతోందా?" అన్నారు ఇన్స్పెక్టరుగారు. తరవాత విసుక్కుని, "ఆ దంపుడొకటి. కాస్సేపు ఆపమనండి" అన్నారు.

నేను కదలకుండా నిలబడ్డాను గాని, పెద్ద పంతులుగారు సంగతి తెలియక పరుగున పోయి ఆపించారు. దంపుడు ఆగింది. పిల్లవాడు "ఎద్దును కొట్ట" అన్నచోట ఆగాడు. నోరు తెరిచే ఉంది.

"కొట్ట, ఏమిటి? కొట్టవచ్చునా, కొట్టరాదా?"

వాడు చెప్పలేదు. ఇన్స్పెక్టరుగారు వాడి నోరు చూశారు, కాలి బొటనవేలు చూశారు, చివరకు నన్ను చూశారు. ఆయన మహా గట్టివాడని అప్పుడు తెలిసింది.

"దంచమనండి."

దడ్ మంది. "రాదు" అన్నాడు పిల్లవాడు.

"ఆపమనండి." ఆగాడు. "దంచమనండి." కదిలాడు. ఇంకొకణ్ణి లేపి అలాగే చేశారు. చిన్నపిల్లవాడికి కొత్త బొంగరం దొరికినట్టు ఉంది ఆయనకు. పెద్ద పంతులుగారు పెరటికి, అరుగుకు మధ్య నాడెలాగ అటూ ఇటూ తిరిగి చెమటలు పట్టి కూలబడ్డారు.

అప్పుడు ఇన్స్పెక్టరుగారు నవ్వు ఆపి, "బట్టీ పట్టించారా?" అని నన్ను అడిగారు. నా జవాబు కోసం ఆగలేదు. తానే పుస్తకం చివరికి తిప్పి, ఏ గోడకూ ఎక్కని పాఠం ఒకటి తీసి, పెద్దయ్యగారి మనవడి చేతికిచ్చారు. ఈసారి దంచమని తానే కేకవేశారు. పెరట్లో దెబ్బ పడింది. వాడు ఆ పాఠం ఎన్నడూ చూసి ఎరగడు. నా గుండె రోట్లో ఉంది. దెబ్బకొక మాట చొప్పున, ఒక్కచోట తప్ప తొట్రుపడకుండా, చివరిదాకా చదివేశాడు.

ఇన్స్పెక్టరుగారు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను గోడలు, కండెలు, మగ్గం మోత, అన్నీ చెప్పాను.

"ఇంటిదగ్గర పెద్దలు కూర్చుని వినాలన్నాను గదయ్యా."

"విన్నారండి. కూర్చునే విన్నారు. మగ్గం గుంటలో కూర్చున్నారు."

"ఒక్క గంట ఖాళీ ఉండదా వీళ్ళకి?"

ఈ మాట నన్నే అడిగారు గాని, జవాబు నడవ గుమ్మంలోంచి వచ్చింది. మామ్మ రోకలి పట్టుకునే నిలబడింది, జుట్టంతా ఊక. "ఎందుకుండదు బాబూ. ఉంటుంది. ఇవాళే. దాన్నీ మీరొచ్చి పట్టుకుపోయారు."

పెద్ద పంతులుగారు కళ్ళు మూసుకున్నారు. ఇన్స్పెక్టరుగారు కుర్చీలో ఆవిడవైపు తిరిగారు. తరవాత మర్యాదగానే అడిగారు. "పిల్లవాడు చదివింది నీకు తెలిసిందా మామ్మా?"

"తెలియకేం బాబూ, ఏడాదిగా చెవులు చిల్లులు పడుతుంటేనూ. ఎద్దు సాధువంట. అది రాసినాయన మా ఎదురింటి ఎద్దు ముందునుంచి ఒకసారి నడిస్తే అప్పుడు తెలుస్తుంది."

ఆయన నవ్వారు. కాని నవ్వితే గ్రాంటు వచ్చినట్టు కాదు. మేమందరం ఆయన మొహమే చూస్తున్నాం. ఆయన గొడుగు తీసుకుని లేచి, గోడకు చెప్పినట్టుగా అన్నారు: "నేను పరీక్షించడానికి వచ్చింది పిల్లల్ని. పిల్లలు చదివారు. ఇంటివాళ్ళ పెరట్లో ఎవరు ఏం దంచుకున్నా సర్కారుకు సంబంధం లేదు." మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగారు. "వచ్చే ఏడు రోకలి పనికిరాదు. చెబుతున్నాను."

బడి నిలిచింది. ఆ సాయంకాలం పెద్ద పంతులుగారు ఊళ్ళో అందరికీ, దంపుడు ఏర్పాటు తనదే అని చెప్పుకున్నారు. మామ్మ చేతులకు బొబ్బలెక్కి నెయ్యి రాసుకుంటోంది, ఆవిడ ఈ మాట విని ఉంటే రెండో రోకలి ఆయనకే ఇచ్చేది.

మరుసటి అమావాస్యకు నేను సెలవు పుచ్చుకోలేదు. వీధిలోకి బయలుదేరుతుంటే పెద్ద పంతులుగారు అడ్డం వచ్చారు. "అమావాస్యనాడు చదివితే వచ్చిన చదువు పోతుందోయ్."

"వస్తే గదండి పోవడానికి" అని వెళ్ళిపోయాను.

ఇంటింటికీ ఒక్కటే మాట చెప్పాను. ఇవాళ మగ్గం లేదు, కండెలు లేవు, పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని చదివించుకోండి అని. రానురాను ప్రతి అమావాస్యకూ అదే ఏర్పాటైంది. పరీక్షకు మరుసటి ఏడు ఇన్స్పెక్టరుగారు మామూలు రోజున వచ్చి, వీధిలో మగ్గాలన్నీ తానే ఆపించి విన్నారు. పిల్లలు చదివారు. అందులో చెప్పుకోవలసిన తమాషా ఏమీ లేదు. నాకు బాగా జ్ఞాపకమున్నది మాత్రం ఇంటింటికీ తిరిగిన ఆ మొదటి అమావాస్య.

ఆముదం అడిగిన ఇల్లాలి ఇంటికి వెళ్ళాను. ఆవిడ భర్త మగ్గం గుంట అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. పని లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలాగ ఉన్నాడు. కుర్రవాడు పక్కన పుస్తకం విప్పుకుని, నోరు తెరుచుకుని, మామూలుగానే ఆగిపోయాడు. తండ్రి వాడి వీపు మీద అరచేత్తో మగ్గం దెబ్బ లెక్కన తట్టడం మొదలుపెట్టాడు. వాడు చదివాడు. తట్టడం కొంచెం మెల్లనైంది. ఇంకా మెల్లనైంది. కాస్సేపటికి ఆ చెయ్యి వీపు మీద ఊరికే ఆనుకుని ఉంది. కుర్రవాడు అది గమనించకుండా చదువుకుపోతున్నాడు.

తండ్రి నావైపు చూసి గొంతు తగ్గించి అన్నాడు. "వీడి గొంతు ఇలా ఉంటుందని నాకు తెలీదండి పంతులుగారూ. ఎప్పుడూ మగ్గం మోతలో అరిస్తే వినడమే. అచ్చం మా అమ్మ గొంతండి."

కుర్రవాడు పుస్తకం మూశాడు. "అయిపోయింది నాన్నా."

"మళ్ళీ చదువు."

"అదే పాఠమా?"

"అదే" అన్నాడు తండ్రి. "తొందరేం లేదు."